తొమ్మిది గుమ్మాలు, ఒక ఇంటిగలావిడ

2024 వేసవికి నేను డుంబ్రిగుడ మండలంలో ఒక పంచాయతీకి కార్యదర్శిని. మాది విజయనగరం వైపు మైదానం. ఘాట్ రోడ్డెక్కి ఉద్యోగానికి వచ్చినవాడికి మొదట చలి అలవాటవుతుందనీ, తర్వాత మలుపులు, ఆఖర్న మనుషులు అలవాటవుతారనీ పాత ఉద్యోగులు చెప్పేవారు. నాకు ఆ మూడూ వరస తప్పకుండా అలవాటయ్యాయి. ఎత్తులు మాత్రం ఇప్పటికీ కాలేదు. దేవుడు నన్ను చదునైన నేల కోసం తయారుచేస్తే, ప్రభుత్వం పొరపాటున కొండకి డెలివరీ చేసింది.

కుళాయిలు, వీధిదీపాలు, జనన మరణాల నమోదు, గ్రామసభలు, ఇవన్నీ కార్యదర్శి పనులే. కానీ జనానికి గుర్తుండేది ఇంటి పన్ను ఒక్కటే. పన్ను వసూలు చేసేవాణ్ణి చూసినా, పన్ను పీకేవాణ్ణి చూసినా మనిషి మొహం ఒకే రకంగా మారుతుంది. ఒకడు నోరు తెరవమంటాడు, ఒకడు సంచి తెరవమంటాడు. ఎవడి మాటా ఒక పట్టాన ఎవరూ వినరు.

ఇంటి పన్ను లెక్క పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ముందు ప్లింత్ ఏరియా కొలుస్తాం. అంటే గోడలతో సహా ఇల్లు కూర్చున్న మేర. తర్వాత తలెత్తి పైన ఉన్నది శ్లాబా, రేకా, పెంకా, గడ్డా అని చూస్తాం. చోటు పెరిగేకొద్దీ, కప్పు గట్టిపడేకొద్దీ పన్ను పెరుగుతుంది. ప్రతి ఇంటికీ ఒక అసెస్‌మెంట్ నంబరు ఇస్తాం. అది ఇంటికి సర్కారు పెట్టిన పేరు. ఆ పేరు మీద ఏడాదికోసారి డిమాండ్ నోటీసు వెళుతుంది. మాట దర్జాగానే ఉంది గానీ, కింద మైదానంలో పనిచేసినన్నాళ్ళూ నేను చేసింది డిమాండు కాదు, దేబిరింపు.

కొండమీద కథ తిరగబడింది. ఇక్కడి ఊళ్ళలో ఇంటి స్థలాలకి దస్తావేజులు ఉండవు. ఇల్లు తాతది, ఆ తాతకి వాళ్ళ తాతది, అంతే. కరెంటు మీటరు పెట్టించుకోవాలన్నా, బ్యాంకువాళ్ళు చిరునామా అడిగినా చూపించడానికి మిగిలేది ఇంటి పన్ను రసీదే. దాన్ని లామినేషన్ చేయించి దేవుడి పటం పక్కన తగిలిస్తారు. ఒకాయన తన మొక్కజొన్న చేలో మంచెకి కూడా పన్ను వెయ్యమని రెండు వారాలు నా వెంట పడ్డాడు. మంచెకి పన్నుండదు బాబూ అంటే, "రాత్రంతా అందులోనే పడుకుంటాను. అది నా ఇల్లని అడివి పందులకి తెలుసు, నీకు తెల్దేటి?" అన్నాడు.

ఇలా కోరి పన్ను కట్టే జనం మధ్య హాయిగా ఉన్న నాకు ముంతగుడ తగిలింది.

ముంతగుడ మా పంచాయతీలో ఒక చిన్న ఆవాసం. ఊరంటే ఒకే వరస. తొమ్మిది కుటుంబాలు, తొమ్మిది గుమ్మాలు. ఒక ఇంటి గోడే పక్కింటి గోడ. ఈ చివర నుంచి ఆ చివరికి ఎక్కడా తెగకుండా ఒకటే పెంకుల కప్పు. దూరం నుంచి చూస్తే కొండ పక్కన రైలుపెట్టె ఆగినట్టుంటుంది. ముందు చూరు నడుమెత్తుకి దిగి ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్ళాలంటే వంగి దూరాలి. వంగడం నాకు ఎక్కడమంత కష్టం.

ఆ వరసలో మొదటి గుమ్మం బుద్రవ్వది. డెబ్బై దాటిన మనిషి, మాట మాత్రం పదునుగానే ఉంటుంది. అడ్డపొగ తాగుతుంది, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంటుంది. నిప్పు నోట్లో పెట్టుకుని మాట్లాడగలిగే మనిషితో వాదన పెట్టుకోకూడదని మొదటి నెలలోనే నేర్చుకున్నాను. మొగుడు పోయాక రెండో గుమ్మంలో ఉండే మరిది సుక్రన్న "వదినా, ఇక మా ఇంట్లోనే తిను" అన్నాడట. "మీ ఆడదానికి ఉప్పు సెయ్యి ఎక్కువ" అని చెప్పి ఈవిడ వేరే పొయ్యి పెట్టుకుంది. పొలం లేదు, పిల్లలు లేరు. ఆ పొయ్యి వెలిగేది పింఛనుతోనే. ఎవరి చేతి కూడూ తినకుండా బతకడం ఆవిడకి అడ్డపొగ లాంటిది, అది లేకపోతే ఊపిరాడదు.

ఒకటో తారీఖున పింఛను ఇంటికి తీసుకెళ్ళి ఇవ్వాలి. ముంతగుడ వంతు నాది. నేను రొప్పుతూ గట్టెక్కి రావడం చూసి ఆవిడ ప్రతి నెలా ఒకే మాట అనేది. "మా ముసిలోడు సంతకెల్లి ఏనాడూ డబ్బుతో ఇంటికి రానేదు. నువు నయం బాబూ."

ఆ వేసవిలో ఊళ్ళ ఇళ్ళస్థలాల కొలతకి డ్రోన్ వచ్చింది. పద్ధతేమిటంటే, డ్రోన్ ఎగిరే ముందు రోజు ప్రతి ఇంటి హద్దూ నేలమీద సున్నంతో గీస్తారు. కెమెరాకి పైనుంచి తెల్లగా కనపడాలి కదా. ఎక్కడో కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఆ తెల్లగీతల్ని పట్టుకుని, ఇది ఒకరిది, అది ఇంకొకరిది అని మ్యాపు తయారుచేస్తాడు. మా గ్రామ సర్వేయరు ప్రసాదూ నేనూ సాయంత్రం ముంతగుడ వెళ్ళాం. కప్పు ఒకటే కాబట్టి దానిమీద గియ్యలేం. గుమ్మానికీ గుమ్మానికీ మధ్య ముందు వాకిట్లో ఒక గీత, వెనక పెరట్లో దానికి సరిగ్గా ఎదురుగా ఒక గీత వేశాం. రెండింటినీ కలిపితే తొమ్మిది ముక్కలూ వచ్చేస్తాయి. ప్రసాదు కుర్రాడు, చురుకైనవాడు, గీతలు తిన్నగా వేశాడు. నేను తాడు పట్టుకున్నాను. నాకు అప్పగించిన సాంకేతిక బాధ్యత అదే.

వెళ్తూ వెళ్తూ "రేపు ఆకాశం నుంచి మీ ఊరి ఫోటో తీస్తారు" అని చెప్పాం. చెప్పవలసిందంతా చెప్పేశామనుకున్నాం.

మర్నాడు డ్రోన్ని అవతలి గట్టుమీద బడి ఆవరణ నుంచి ఎగరేశారు. మేం అక్కడే ఉండి తలలెత్తి చూశాం. అది తుమ్మెదలా ముంతగుడ మీదికి వెళ్ళి తిరిగొచ్చింది. అందరం పులిహోర తిని ఇళ్ళకి వెళ్ళిపోయాం. కొన్నాళ్ళకి పరిశీలనకొచ్చిన ఎవరో మొదటి గుమ్మం దగ్గర ఆగి "ఈ ఇల్లెవరిది?" అనడిగితే, బుద్రవ్వ "నాదే. మరెవలిది?" అంది. అందులో అబద్ధమేం లేదు.

కొత్త రికార్డులు జనవరిలో వచ్చాయి. ముంతగుడకి ఒకే అసెస్‌మెంట్ నంబరు ఉంది. ఒకే కట్టడం, ఒకే యజమాని. ప్లింత్ ఏరియా చూస్తే మా మండల కార్యాలయం దాని వంటింట్లో పట్టేలా ఉంది. యజమాని పేరు బుద్రి, అంటే మన బుద్రవ్వే. డిమాండ్ నోటీసు కూడా దానికి తగ్గట్టే తయారైంది. అక్కడితో ఆగినా బాగుండేది. పన్నుల కంప్యూటరు వెళ్ళి పింఛన్ల కంప్యూటరు చెవిలో ఈ సంగతి వేసింది. ఇంత భవనం ఉన్నావిడకి పింఛనేమిటని అది ఆపేసింది. మనుషులం నాలుగు ఆఫీసులు తిరిగినా కుదరని పని, అవి రెండూ మాట్లాడుకుని ఒక్క పూటలో తేల్చేశాయి.

ఫిబ్రవరి ఒకటిన నేను సంచి లేకుండా, నోటీసుతో గట్టెక్కాను.

"ఏటి బాబూ, ఇయ్యాల సంచి నేదు?" అంది బుద్రవ్వ.

"పింఛను ఆగింది అవ్వా."

"ఎందుకాగింది? నాను సచ్చిపోనానని రాసీసినారేటి?"

"అది కాదు. ఈ వరసంతా నీ పేరుమీద పడింది. పైనుంచి తీసిన ఫోటోలో అంతా కలిపి ఒకే ఇల్లులా ఉందట. నువ్వు పెద్ద భవనం ఓనరువని కంప్యూటర్లో ఎక్కింది. అంత ఇల్లున్నవాళ్ళకి పింఛను రాదు."

బుద్రవ్వ చుట్ట నోట్లోంచి తీసింది. నేనా పని చూడడం అదే మొదటిసారి. వరసని ఈ చివర నుంచి ఆ చివరికి ఒకసారి చూసింది.

"ఆ సివరి దాకా నాదేనా?"

"కాగితం మీద."

"సుక్రన్నది కూడానా?"

"ఆయన ఇల్లూ అందులోనే ఉంది."

ఆవిడ చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని పక్క గుమ్మం వైపు తిరిగింది. "ఒరే సుక్రా, ఇటురా. నా ఇంట్లో ఉంటూ నిన్న నామీదికే అరిసినావేటిరా?"

సుక్రన్న వచ్చి, విషయం విని, నోటీసు అటూ ఇటూ తిప్పి చూశాడు. తలకిందులుగా పట్టుకున్నాడు గానీ, దాన్ని సరిగా పట్టుకున్నా అర్థం మారేది కాదు. "అయితే అద్దెడుగుతావేటి వదినా?" అన్నాడు.

"అడక్క? పింఛను నేదు కదా. ఏటి తినాల నాను?"

ఈ మాటకి వరసంతా నవ్వింది. కానీ నేను మర్నాడు మీటరు రీడింగు గొడవ మీద మళ్ళీ వెళ్ళేసరికి బుద్రవ్వ అరుగు మీద చిన్న చిన్న కుప్పలున్నాయి. ఒకరు దోసెడు రాగులు తెచ్చారు. ఒకరు రాజ్మా గింజలు, ఒకరు రెండు పసుపు కొమ్ములు. సుక్రన్న ఒక కోడిని పట్టుకొచ్చాడు, దానికి ఒక కన్ను లేదు.

"ఇదేటిరా?" అంది బుద్రవ్వ.

"అద్దె. మీ ఇల్లు కారతాది, అందుకని ఒక కన్ను తగ్గించినాను."

వాళ్ళ ఆట నాకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. ఊరికే పెడితే ఆవిడ తినదు, ఆ సంగతి వరసకంతటికీ తెలుసు. అద్దె అంటే మాత్రం తీసుకుంటుంది. అది ఆవిడ హక్కు, పైగా సర్కారు నోటీసు ఉంది. అందరూ కలిసి ఆవిడకి తిండి పెట్టడానికి మా శాఖవాళ్ళ తప్పు ఒక మర్యాదైన సాకుగా దొరికింది. మా తప్పు ఎవరికైనా అలా పనికిరావడం నా సర్వీసులో అరుదు.

అద్దెకున్నవాళ్ళు కూడా తక్కువేం కాదు. మూడో గుమ్మం ఆమె పగిలిన పెంకు తెచ్చి బుద్రవ్వ ముందు పెట్టి, "ఇంటిగలదానివి కదా, మార్పించు" అంది. ఇంకొకాయన వెల్ల వేయించమన్నాడు. బుద్రవ్వ ఎవరినీ వదల్లేదు. "అద్దె సక్కగా కట్టనోడికి ఎల్ల ఏటిరా? ఖాళీ సెయ్యి, బేగి ఖాళీ సెయ్యి" అంది. ఆయన లోపలికి వెళ్ళి ఒక చీపురు పట్టుకుని బయటికొచ్చి, సామాను సర్దుకున్నాననీ ఇక వెళ్తాననీ అన్నాడు.

అందరూ వెళ్ళాక ఆవిడ నన్ను ఆపింది. గొంతు తగ్గించింది.

"బాబూ, ఇది ఆటకి బాగుంది. ఎన్నాల్లాడతారు? వానల్లో ఈల్లకే గింజ మిగల్దు. అప్పుడు కూడా తెస్తారు, ఆల్ల పిల్లల కంచంలోది తీసి తెస్తారు. నాను తినలేను. నా పింఛను నాకు తెప్పించు."

నేను ప్రసాదుని వెంటబెట్టుకుని మండల కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి ఆఫీసరు గారు మంచివారే, కాకపోతే రూలు మాట్లాడితే గానీ ఆయనకి మాట రాదు. "ఒక కట్టడాన్ని తొమ్మిదిగా విడగొట్టాలంటే సెపరేట్ ఎంజాయ్‌మెంట్ రుజువు కావాలి" అన్నారు. మా భాషలో ఎంజాయ్‌మెంట్ అంటే సరదా కాదు. స్థలాన్ని ఎవరు అనుభవిస్తున్నారో, అది. ఎవరి మేర వాళ్ళు విడిగా వాడుకుంటున్నట్టు పైనుంచి తీసిన ఫోటోలో కనపడాలి, దానికి గ్రామసభ తీర్మానం తోడవ్వాలి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఎంజాయ్‌మెంట్ గురించి రాసినంత మరెవరూ రాసుండరు, చెయ్యడం మాత్రం కుదరలేదు.

"అయినా ముందే సున్నం గీతలు వెయ్యలేదా మీరు?" అన్నారాయన.

"వేశాం సార్."

"మరి ఎక్కడ?"

ప్రసాదు డ్రోన్ ఫోటోని కంప్యూటర్లో పెద్దది చేశాడు. గుమ్మానికీ గుమ్మానికీ మధ్య ఒక్క గీత లేదు. వాకిలంతా పేడతో అలికి, అద్దంలా నున్నగా ఉంది. వరస మొత్తం చుట్టూ మాత్రం ఒకే తెల్లని అంచు ఉంది, ఎక్కడా వంకర లేకుండా. నాలుగు మూలలా నాలుగు ముగ్గులు.

ప్రసాదు మెల్లిగా అన్నాడు. "సార్, మనం ముగ్గులు వెయ్యలేదు కదా."

ఇద్దరం మళ్ళీ ముంతగుడ వెళ్ళాం. అరుగు మీద కూర్చుని అందర్నీ పిలిచి అడిగాను, మా గీతలు ఏమయ్యాయని. దాచేదేం లేనట్టు బుద్రవ్వే చెప్పింది.

"తుడిసీసినాం."

"ఎందుకవ్వా?"

"ఎందుకేటి? నువు గీసినావు గానీ గీత అంటే ఏటో తెలుసా నీకు?"

తెలీదు. ఆవిడ చెప్పింది. ఆ వరసలో రెండు గుమ్మాల మధ్య గీత పడేది ఒక్క సందర్భంలోనే. అన్నదమ్ములు తెగిపోయినప్పుడు పెద్దలు కూర్చుని బూడిదతో గీస్తారు. ఆ తర్వాత ఇటు నిప్పు అటు వెళ్ళదు. చావుకి కూడా పిలుపు ఉండదు. బుద్రవ్వ కాపురానికి వచ్చాక అలాంటి గీత ఒక్కసారే పడిందట. అది చెరిగేలోపు ఇద్దరన్నదమ్ముల్లో ఒకడు పోయాడట.

"మీరెల్లిపోయినాక సూస్తే ఇంటింటికీ గీతలే. ఊరంతటికీ ఒకేసారి తగువు పెట్టీసినారేటీల్లు అనుకున్నాం. పైగా ఆకాశం నుంచి సూస్తారన్నావు. మా పెద్దోల్లు, పోనోల్లు, అక్కడే కదా ఉంటారు. ఆల్లు సూస్తే ఏటనుకుంటారు? పిల్లలు కొట్టుకుసస్తన్నారనుకోరా? అందుకే అలికీసి, అందరికీ కలిపి ఒక అంచు గీసినాం."

"ఎవరి ఆలోచన ఇది?"

వరసంతా బుద్రవ్వ వైపు చూసింది. ఆవిడ చుట్ట ఒక పక్క నుంచి ఇంకో పక్కకి నెట్టుకుంది. "నాదే" అంది.

తన పింఛను మీద తనే పేడనీళ్ళు చల్లుకుందన్నమాట. ఆ మాట పైకి అనే ధైర్యం నాకు లేదు. అనవసరం కూడా, ఆవిడకి అప్పటికే అర్థమైంది. నేను నా ఉపాయం చెప్పాను. ఇప్పుడు మళ్ళీ గీతలు వేద్దాం. ఎదురు కొండెక్కి సెల్‌ఫోన్‌తో ఫోటో తీసుకుంటాం. వెంటనే చెరిపేసుకోండి, అన్నాను.

సుక్రన్న మెత్తబడ్డాడు. "గంటసేపే కదా వదినా. నీ పింఛను కోసమే కదా."

"గంటసేపు సచ్చిపోతావేటి నువు?"

సుక్రన్న వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు.

"పింఛను పోతే పోనీ బాబూ," అంది నాతో. "రానన్నాల్లు నేదు, ఒచ్చింది, పోయింది. గీత మాత్రం నాను బతికుండగా గియ్యనివ్వను."

నేను ఏదో ఒకటి రాస్తున్నట్టు పెన్ను మూత తీశాను. ఇలాంటి సమయాల్లో పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టుకోవడం మా ఉద్యోగంలో ఒక ముఖ్య విధి.

అంతలో చూరు దగ్గర ఇద్దరాడవాళ్ళ గొడవ వినిపించింది. అక్కడ చూరు కిందికి ఉంటుంది కాబట్టి నేలమీద నిలబడే కప్పుమీద ఆరబోసుకుంటారు. సుక్రన్న భార్య ఉడికించిన పసుపు ఆరబెట్టింది. మూడో గుమ్మం ఆమె మిరపకాయలు పోసింది. బుద్రవ్వ అద్దె కోడి, ఆ ఒంటికన్నుది, రెండింటి మీదా షికారు చేసి పసుపుని మిరపలో కలిపింది.

"నీ మిరపకాయలు ఇటొచ్చినాయి. జరుపుకో," అంటోంది సుక్రన్న భార్య.

"ఎక్కడొచ్చినాయి? ఈ పెంకు దాకా మాది."

"ఆ పెంకు కాదు, దాని పక్క పెంకు."

ప్రసాదు నా మోచెయ్యి గిల్లాడు. నేను లేచి వెళ్ళి అడిగాను. "మీ కప్పు ఎక్కడి దాకానో మీకు తెలుసా?"

ఇద్దరూ నన్ను జాలిగా చూశారు. "తెలీకుండా ఎలాగా? ఈ పెంకు దాకా," అని ఒకేసారి ఒకే పెంకు మీద చెయ్యి పెట్టారు. గొడవ అక్కడితో తీరిపోయింది.

నేను బుద్రవ్వ దగ్గరికి వచ్చాను. "అవ్వా, ఇది తగువేనా?"

"ఇది తగువేటి? ఆరబెట్టుకోడం."

"దీన్ని పైనుంచి మీ పెద్దవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?"

"పంట బాగుందనుకుంటారు." అని, నా మొహంలోకి చూసింది. నేను మైదానంవాణ్ణయినా ఆ చూపు అర్థమైంది. ఆవిడకి విషయం అందింది. కాస్సేపు చుట్ట పీల్చి తీర్పు చెప్పింది. "ఆరబెట్టుకుంటే ఎవలూ సావరు. కానీండి."

ఎండ బాగా కాసిన రోజు చూసుకుని అందరూ తమ తమ పెంకుల దాకా పరిచేశారు. పసుపు, మిరప. తర్వాత చింతపండు, కాఫీ గింజలు, రాజ్మా, రాగికంకులు, పిప్పళ్ళు. చివరి గుమ్మంవాళ్ళు కొండచీపురు కట్టలు పేర్చారు. ప్రసాదు మేకపిల్లలా కొండెక్కేశాడు. నేను కూడా ఎక్కాను. మధ్యలో రెండు బండలు నన్ను కూర్చోబెట్టి పరామర్శించాయి. పైకి చేరి కిందికి చూసేసరికి రొప్పు మర్చిపోయాను. పొడుగాటి కప్పుమీద ఎనిమిది రంగులు, ఎవరిది వారిదిగా, కత్తితో కోసినట్టు ఉన్నాయి.

"తొమ్మిదోది ఖాళీగా ఉంది సార్," అన్నాడు ప్రసాదు.

బుద్రవ్వది బోడి కప్పు. పొలం లేని మనిషి ఏం ఆరబెడుతుంది? ఆ తొందరలో మాకెవరికీ తట్టలేదు. "అలాగే పంపితే ఖాళీ ఇల్లని రాసేస్తారు. ఖాళీ ఇంట్లో ఉన్నావిడకి పింఛనేంటని మళ్ళీ ఆపుతారు," అన్నాడు. అని, అక్కడి నుంచే కిందికి కేక వేశాడు. "అవ్వా, నీ కప్పుమీద ఏదైనా వెయ్యి."

కింద చిన్నగా కనిపిస్తున్న బుద్రవ్వ చుట్టూ చూసింది. సుక్రన్న భార్య తన పసుపు చేట ఎత్తి ఇవ్వబోయింది. ఈవిడ చెయ్యి ఊపి వద్దంది. లోపలికి వెళ్ళి ఒక చాపా, రెండు చేటలూ తెచ్చింది. చాప పరిచి చేటలు బోర్లించింది. పైనుంచి మాకు అదేమిటో మొదట అర్థం కాలేదు. అందులో గుప్పెడు పసుపుంది, గుప్పెడు ఎరుపుంది, కాస్త నలుపు, కాస్త గోధుమరంగు. ఎనిమిది ఇళ్ళ రంగులూ ఆ ఒక్క కప్పుమీదే ఉన్నాయి. అది అన్నాళ్ళూ వచ్చిన అద్దె. కోడి కూడా ఎగిరి దానిమీద కూర్చుంది. ఫోటోలో అదీ పడింది.

గ్రామసభ తీర్మానం జతచేసి ఇస్తే, ఆఫీసరు గారు ఆ ఫోటోని చాలాసేపు చూశారు. భోజనం వేళ కావడం వల్లనేమో, చూపు చింతపండు దగ్గర కాస్త ఎక్కువ ఆగింది. చివరి గుమ్మం నుంచి ఒక్కొక్కటే వేలు పెట్టి చెప్పుకుంటూ వచ్చారు. మొదటి గుమ్మం దగ్గర ఆగిపోయారు.

"ఇదేం పంటయ్యా?"

"అద్దె సార్."

ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. సంగతంతా చెప్పాను. విన్నారు. రూలు ఏదైనా అడ్డం వస్తుందేమో అని కాస్సేపు వెతుక్కున్నట్టున్నారు, దొరకలేదు. సెపరేట్ ఎంజాయ్‌మెంట్ రుజువైందని రాసి సంతకం పెట్టారు. పెట్టి, "ఈ ఫోటో నాక్కూడా పంపు," అన్నారు.

ముంతగుడ తొమ్మిది అసెస్‌మెంట్లయింది. పింఛను తిరిగొచ్చింది, ఆగినది కూడా కలిపి. ఒకటో తారీఖున సంచితో వెళ్ళి ఇచ్చాను. కొత్త డిమాండ్ నోటీసు కూడా చేతిలో పెట్టాను. ఆవిడ పన్ను ఎంతో చదివించుకుని, పెదవి విరిచింది.

"ఇంతేనా? మొన్న అంత పెద్దదిచ్చినావు."

"నీది ఒక్క గుమ్మమే కదవ్వా ఇప్పుడు."

అప్పుడే సుక్రన్న దోసెడు రాగులు పట్టుకుని వచ్చాడు. బుద్రవ్వ అంది, "ఇక అద్దెందుకురా? ఇల్లు నీదని రాసీసినారు."

"ఆల్లు రాసుకున్నారు. నాకు అలవాటయిపోనాది," అని కుప్ప అరుగుమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆవిడ అతని వీపు వైపు చూస్తూ, "కారతాదన్నావు కదరా, పెంకు సర్దుకున్నావేటి?" అనడిగింది. అడిగింది ఇంటిగలావిడే.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక్కటి మారింది. ఎక్కడ సున్నం బస్తా దింపినా, విప్పే ముందు ఊరి పెద్దల్ని అడుగుతాను, ఇక్కడ గీత గీస్తే ఏమవుతుందని. ఇల్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కొలవడం మాకు శిక్షణలో నేర్పారు. ముంతగుడవాళ్ళకి అది పెంకుతో సహా తెలుసు, ఆ సంగతి మాకు చెప్పడానికి అభ్యంతరమూ లేదు. మేం అడిగిన తీరు వాళ్ళకి తగువులా కనపడింది, అంతే. చాలా ఊళ్ళలో ఆ ప్రశ్నకి "ఏటవుతాది, గీత అవుతాది" అని నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, అడిగాకే బస్తా విప్పుతాను.

ముంతగుడకి ఇప్పటికీ ఒకటో తారీఖున వెళ్తాను. గట్టెక్కి రొప్పు తీర్చుకునేలోపు బుద్రవ్వ ఒక ఉడికిన గుడ్డు చేతిలో పెడుతుంది. ప్రభుత్వోద్యోగిని, ఊరికే తీసుకోకూడదవ్వా అని మొదటిసారి చెప్పి చూశాను.

"ఊరికే ఎవలిత్తన్నారు? నా అరుగుమీద కూకున్నావు. అద్దె నువ్వే ఇవ్వాల," అంది. "ముందు తిను, ఎక్కొచ్చినావు."